చేతులు ఒళ్లో పెట్టుకొమ్మన్న ట్యూటరమ్మ

మా ట్యూటరమ్మ పోయిన సంగతి నాకు చెప్పింది, ఒకప్పుడు మా వార్డులో ఆయాగా చేసి రిటైరైన ముసలామె. పొద్దున్నే బెల్లంపల్లి బస్సు దిగి నేరుగా మా క్వార్టరుకు వచ్చింది. గడప బయటే నిలబడి, "బేటీ, పెద్ద మేడమ్ పోయింది. రాత్రి మంచిగనే తిని పండుకున్నదట. పొద్దుగాల లేపితే లేవలే," అంది. లోపలికి రమ్మన్నాను. "వద్దు, ఇంక శానామందికి చెప్పాలె," అని కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది. నేను డ్యూటీకి సెలవు చెప్పి బెల్లంపల్లి బస్సెక్కాను.

ఆమె ఎవరో తెలియనివాళ్లకు రెండు మాటలు. యూనివర్సిటీలో నర్సింగు డిగ్రీ చదివే పిల్లలను ఆఖరి ఏడాది కాన్పుల పని నేర్చుకోవడానికి గోదావరిఖనిలోని ఒక ప్రసూతి దవాఖానకు పంపేవారు. పుస్తకాల్లో ఆ పనిని మిడ్‌వైఫరీ అంటారు. అక్కడ మమ్మల్ని నిలబెట్టి, కూర్చోబెట్టి, తిట్టి నేర్పింది ఆమె. ఎనభైల్లో నేను ఆమె చేతికింద చదివాను. ఇప్పుడు తొంభైలు ముగియవస్తున్నాయి, నేనింకా ఆ పని చేసుకునే బతుకుతున్నాను.

దినాలు అయ్యాక సంతాప సభ పెట్టారు. పెట్టింది ఎవరయ్యా అంటే ఊళ్లో కొత్తగా వెలసిన ఒక నర్సింగు కాలేజీ. బతికుండగా ఆమె ఆ కాలేజీ గుమ్మం తొక్కలేదు. ప్రారంభానికి రమ్మని పిలవడానికి పోతే, "పేషెంట్లు లేని వార్డు సూసుడెందుకు, సినిమాకన్న పోత," అందట. అయినా ఫోటోకు పెద్ద దండ వేశారు. కరస్పాండెంటుగారు మైకు పట్టుకున్నారు. ఆయనకు సిమెంటు దుకాణం కూడా ఉంది. "ఆవిడ మా విద్యార్థినులందరికీ కన్నతల్లి లాంటివారండి. ఆ చిరునవ్వు ఎన్నటికీ మరువలేమండి," అన్నారు. చిరునవ్వట. నేను ఆమె దగ్గర ఉన్నన్నాళ్లలో ఆమె పళ్లు చూసిన గుర్తు లేదు. ఆయన తర్వాత లేచినవాళ్లంతా ఆ చిరునవ్వునే పట్టుకుని లాగారు. ఒకాయన అయితే, శిష్యురాళ్ల కోసం ఆమె ప్రాణమిచ్చేదని కూడా చెప్పాడు. ఆఖర్న కరస్పాండెంటుగారు ఒక ప్రకటన చేశారు: ఏటా అందరికంటే ఎక్కువ కాన్పులు చేసిన విద్యార్థినికి ట్యూటరమ్మ పేరు మీద పతకం ఇస్తారట. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న ఆయా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికని తర్వాత చెప్పింది.

ఆ పతకం ఎవరికి ఎంత అవమానమో చెప్పడానికే ఇది రాస్తున్నాను. సభ అయ్యాక కొందరు అమ్మాయిలు నా చుట్టూ చేరి, "మేడమ్, మిడ్‌వైఫరీ కష్టముంటదా? ఏమేం సదువుకుంట రావాలె?" అని అడిగారు. వాళ్లకు కూడా ఇదే నా జవాబు.

పిల్లలూ, ముందు మీ చేతుల్లో ఉన్న ఆ కాలేజీ వాళ్ల రంగుల కాగితం పక్కన పడేయండి. దాని మీద తెల్ల గౌను వేసుకున్న పిల్ల ఒకతి బిడ్డనెత్తుకుని నవ్వుతోంది. ఆ బిడ్డకు ఎంత లేదన్నా ఆరేడు నెలలుంటాయి. అంత బిడ్డ పుట్టగా నేనింతవరకు చూడలేదు. మీరు చూడబోయేది నెత్తురు, ఉమ్మనీరు, మలం, వాంతి. మీ చెప్పులు పాడైపోతాయి. నొప్పుల్లో ఉన్న మనిషి మీ జుట్టు దొరకబుచ్చుకుంటుంది, మీ ఏడు తరాలనూ తిడుతుంది. సరిగ్గా మీరు టిఫిన్ డబ్బా మూత తీసినప్పుడే బిడ్డ తల కనిపిస్తుంది. మీ మేనత్తలు శుభకార్యాల్లో మీ చేతి నీళ్లు తాగడానికి వెనకాడతారు, అదే తమ కోడలికి నొప్పులొస్తే చెప్పులు కూడా వేసుకోకుండా మీ ఇంటికే పరుగెత్తుకొస్తారు. ఇవన్నీ ఓర్చుకోగలిగినవే. ఓర్చుకోలేనిది వేరే ఉంది. అది ఊరికే కూర్చోవడం.

దాని దగ్గరికి వచ్చేముందు నేనెట్లా చేరానో చెప్పాలి. మా బాపు బొగ్గు బాయిలో ఫిల్లర్. కట్టర్లు పడగొట్టిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తిపోసే పని. నాకు నర్సింగు డిగ్రీలో సీటు వచ్చిందని తెలిసి మా కాలనీలో ఒక్కరూ సంతోషించలేదు. కాన్పులు కూడా నేర్పిస్తారని విన్నాక బాపు అసలే ఊరుకోలేదు. "మంత్రసాని పనికి యూనివర్సిటీ ఏందే? నిన్ను తీసిన ముసల్ది ఏ కాలేజీల సదివింది?" అన్నాడు. అందరూ అదే మాట. ఆ ముసలిదాన్ని పిలిపించుకుని, ఆమె చేతుల్లో బిడ్డను కని, ఆమె వెళ్లగానే వాకిలి కడుక్కున్నవాళ్లు వీళ్లంతా. అలాంటివాళ్ల పరువు మర్యాదల మీద నాకు అప్పుడూ గౌరవం లేదు, ఇప్పుడూ లేదు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం; అవ్వ అలిగి అన్నం మానేస్తే చివరికి బాపు దిగొచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు. "ఒక్క ఏడు తప్పినా ఇగ సదువు లేదు. ఇంట్ల కూసోవాలె."

తప్పకుండానే ఆఖరి ఏడాదికి వచ్చాను. కాన్పుల వార్డులో మొదటిరోజు ట్యూటరమ్మ మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని వాసన చూసింది. కొబ్బరినూనె, స్నో, మల్లెపూలు. "ఏం దొరసానులు, పెండ్లికొచ్చిండ్రా?" అంది. పూలు, గాజులు తీయించింది. గోళ్లు తన కళ్ల ముందే కత్తిరించుకోమంది. పొట్టి మనిషి, నల్లంచు తెల్ల చీర, భుజం కింద పిన్నుతో గుచ్చుకున్న గడియారం. చాయ్‌లో చక్కెర వేసుకునేది కాదు. ఇంటి నుంచి సర్వపిండి తెచ్చుకుని, కిటికీ వైపు తిరిగి ఒక్కతే తినేది. ఎవరికీ ఒక తునక పెట్టిన పాపాన పోలేదు. మమ్మల్ని ఎప్పుడూ "ఏయ్", లేకపోతే "దొరసాని". మంచం మీద ఉన్నామె చీర ఎంత మాసినదైనా సరే, "అక్కా, జర కాళ్లు మడుస్తరా," అని అడిగేది. ఆ మర్యాద చూస్తుంటే మాకు కడుపు మండేది.

రిటైరై బెల్లంపల్లి వెళ్లిపోయాక ఒకసారి చూడటానికి పోయాను. తలుపు తీసి, బాగున్నావా అని కూడా అడగకుండా నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. "సబ్బు మార్చినవు," అంది. ఆ తర్వాతే లోపలికి రమ్మంది.

ఆ మొదటిరోజు సంగతికి వస్తాను. గోళ్ల పని అయ్యాక తలా ఒక స్టూలు, తలా ఒక మంచం చూపించింది. "కూసోండ్రి. చేతులు ఒళ్లె పెట్టుకోండ్రి. ఆమె ముఖం సూడుండ్రి. నేను చెప్పేదాక ఏం ముట్టొద్దు." అంతే పాఠం. చాలా రోజులు అదే పాఠం. నొప్పి వచ్చినప్పుడు ఆమె కడుపు మీద చెయ్యి పెట్టాలి, పోగానే తీసేయాలి. అడిగితే నీళ్లు పట్టాలి. రుద్దమంటే నడుము రుద్దాలి. మిగతా అంతసేపూ నోరు మూసుకుని చూస్తూ ఉండాలి. యూనివర్సిటీలో ఫస్టు క్లాసులు తెచ్చుకుని, చేతులకు తొడుగులు వేసుకుని కత్తెర పట్టడానికి ఉవ్విళ్లూరుతూ వచ్చిన పిల్లలం. మాలో ఒకతి ఉండబట్టలేక, "మేడమ్, ఏమన్న చెయ్యాలె కద," అంది.

"చేస్తాంది కద ఆమె," అంది ట్యూటరమ్మ. "నడుమ నువ్వేం చేస్తవు?"

నొప్పులకు అరిచిన ఆడదాన్ని తొడ మీద చరచడం అప్పట్లో చాలా దవాఖానల్లో మామూలు. ఇప్పుడు లేదని మీకెవరైనా చెబితే నమ్మకండి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఎవరినో చూసి నేర్చుకుని అట్లాగే చెయ్యెత్తింది. ట్యూటరమ్మ ఏమీ అరవలేదు. ఆ అమ్మాయిని తీసుకెళ్లి వెనక బట్టలుతికే తొట్టి దగ్గర నిలబెట్టి, చేతులు కడుక్కోమంది. కడుక్కుని వస్తే మళ్లీ పంపింది. రోజూ అదే వరస. ఎన్నాళ్లు మేడమ్ అని మేమడిగితే, "ఇంక మురికి పోలే," అనేది.

మా బొగ్గు ఊళ్లకు ఒక రోగముంది, అది బయటివాళ్లకు తెలియదు. ఇక్కడ ఏదైనా షిఫ్టు లెక్కే. ఫిల్లర్ తన షిఫ్టులో ఎన్ని టబ్బులు నింపితే అంత మనిషి. సగం నిండిన టబ్బును తర్వాతి షిఫ్టు వాడికి వదిలి పైకి రావడం నామోషీ. ఆ జబ్బు దవాఖానకూ అంటుకుంది. బాయిల దగ్గర షిఫ్టు మారే కూత వినబడితే మా వార్డులోనూ డ్యూటీ మారేది. ఏ షిఫ్టు నర్సుకైనా తన దగ్గరకొచ్చిన కాన్పు తన షిఫ్టులోనే అయిపోవాలి. అందుకని కూత దగ్గరపడే వేళకు "ముక్కు, ముక్కు" అని కేకలు మొదలయ్యేవి. బిడ్డ వచ్చే దారి పూర్తిగా తెరుచుకోకముందే ముక్కిస్తే ఆ దారి వాస్తుంది, చీలుతుంది, తల్లికి నెత్తురు పోతుంది. ఇది తెలియనివాళ్లు అక్కడ ఎవరూ లేరు. తెలిసే చేసేవారు. చదువుకునే మాకు ఇంకో ఆశ కూడా ఉండేది. బిడ్డ ఎవరి షిఫ్టులో పుడితే ఆ కాన్పు వాళ్లది. డిగ్రీ చేతికి రావాలంటే ఇన్ని కాన్పులు స్వయంగా చేసి ఉండాలి, ప్రతిదానికీ ట్యూటరు సంతకం ఉండాలి.

ట్యూటరమ్మకు ఈ తొందరంటే పరమ అసహ్యం. "బొగ్గు పెళ్ల అనుకున్నరా, కూతయ్యేలోపట టబ్బుల ఏసుకుని పోను?" అనేది. ఆమె నియమం ఒకటే. కూత కూయగానే, ఎక్కడున్నది అక్కడ వదిలి, తర్వాతి షిఫ్టు పిల్లకు అప్పగించి బయటకు నడవాలి. ఆగిపోవడానికి వీల్లేదు. "ఆగినోళ్ల చేతులకు తొందరెక్కువ," అనేది. ఆ నియమం మంచిదని నేనిప్పటికీ అనను. పొద్దటి నుంచి చెయ్యి పట్టుకున్న మనిషిని సైరన్ విని వదిలేసి పొమ్మనడం ఎక్కడి న్యాయం? కానీ ఆమెతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

మా పోస్టింగు ఆఖరిరోజుకు నాకు ఒక్క కాన్పు తక్కువ పడింది. ఆ రోజు మొదటి షిఫ్టు నాది. డ్యూటీ ఎక్కగానే ఒకామె వచ్చింది. కట్టరు భార్య, తొలి కాన్పు, వయసులో నాకంటే చిన్నది. భర్త షిఫ్టులో ఉన్నాడు, అత్త బయట బెంచీ మీద కూర్చుంది. ట్యూటరమ్మ ఆ మంచం నాకిచ్చింది. ఆ బిడ్డ నా షిఫ్టులో పుడితే నేను గట్టెక్కినట్టు. లేకపోతే బాపు షరతు ఉండనే ఉంది.

పొద్దంతా ఆమె పక్కనే కూర్చున్నాను. "అక్కా, నేను సస్తనా?" అని ఆమె పదేపదే అడిగింది. "సావవు. ఈడనే ఉన్న," అని పదేపదే చెప్పాను. మధ్యాహ్నానికి నొప్పులు ముదిరాయి. కూతకు కాస్త ముందు, ముక్కాలనిపిస్తోందంది. పరీక్ష చేశాను. దారి పూర్తిగా తెరుచుకోలేదు, ఇంకా అంచు మిగిలే ఉంది. రెండో షిఫ్టుకు రావలసిన నా క్లాసుమేటు అప్పటికే వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడింది. డ్యూటీ నర్సు నా భుజం మీదుగా వంగి, "ముక్కియ్యి పిల్లా. అంచే కద, పోతది. నీకు కేసయితది, నాకు మంచం ఖాళైతది," అంది. ట్యూటరమ్మ కిటికీ దగ్గర వీపు మాకు పెట్టి సర్వపిండి తింటోంది. ఇదంతా వినబడేంత దూరమే. ఇటు తిరగలేదు.

నేను మంచం మీదామె చెవి దగ్గరకు వంగి, "ముక్కకు చెల్లె. నోటితోని ఊపిరి ఇడువు. నాతోని ఇడువు," అన్నాను. ఇద్దరం కలిసి ఊపిరి వదులుతూ కూర్చున్నాం. నేనేదో త్యాగం చేశానని దయచేసి అనుకోకండి. మంచం ఖాళైతదన్న ఆ మాట మీద పుట్టిన అసహ్యం నన్ను ఆపింది, అంతే. అంతలో కూత వినిపించింది. నేను లేస్తుంటే ఆమె నా మణికట్టు వదలలేదు. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసుకుని బయటకు వచ్చి, ఆమె అత్త పక్కన కూలబడ్డాను. ఎవరో తెచ్చిచ్చిన చాయ్ చల్లారకముందే లోపల బిడ్డ ఏడ్చింది. కాన్పు నా క్లాసుమేటు ఖాతాలో పడింది.

ట్యూటరమ్మ బయటకు రాగానే కాళ్లావేళ్లా పడ్డాను. "మేడమ్, పొద్దటి సంది నేనే ఉన్న. మీరు సూసిండ్రు."

"సూసిన."

"ఒక్క సంతకం పెట్టుండ్రి మేడమ్. ఏడు తప్పితే మా బాపు సదువు మాన్పిస్తడు."

"కాన్పు చేసినవా?"

"లేదు."

"మరేం పెట్టాలె సంతకం? ఆరు నెలలకు మల్ల బ్యాచ్ ఉంది. రా," అని వెళ్లిపోయింది. ప్రాణమిచ్చేదని సభలో చెప్పారు కదా. ప్రాణం సంగతి నాకు తెలియదు. నాకు సంతకం ఇవ్వలేదు.

ఇంటికి వెళ్లేసరికి బాపు ఒళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. దాచి లాభం లేదని జరిగిందంతా చెప్పాను. అవ్వ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. బాపు చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"అంచు ఉండంగ ముక్కిస్తే ఏమైతుండె?" అన్నాడు.

"చీలుతుండె. నెత్తురు పోతుండె. ఒక్కోసారి ఏం గాదు."

"నేను గూడ ఒకపారి టబ్బు సగం ఇడిసి పైకొచ్చిన. పైకప్పు కొట్టి సూస్తే బోలు సప్పుడైంది. మా మీది సర్దారు అందరి ముంగట బూతులు తిట్టిండు. ఆనాడు కప్పు కూలలే. సిగ్గయింది. అయినా తెల్లారి మల్ల దిగిన." ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, "ఆ మేడమ్ ఏమన్నది?" అని అడిగాడు.

"ఆరు నెలలకు రమ్మన్నది."

"అయితే పో," అన్నాడు. షరతు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు చెప్పండి, ఎక్కువ కాన్పులు చేసినవాళ్లకు పతకమట. పతకం కోసం పరుగెత్తే పిల్ల చేతులు ఎట్లా తయారవుతాయో నేను చెప్పగలను, ఆ చేతుల్లో పడే ఆడవాళ్ల గతేమిటో కూడా చెప్పగలను. అదేదో సిమెంటు బస్తాలు ఎక్కువ అమ్మినవాళ్లకు పెట్టుకుంటే అందరికీ క్షేమం. ఇక ఈ చదువుకు వచ్చే పిల్లలకు ఒక్కటే చెబుతాను. పొద్దంతా కూర్చున్న కాన్పు మీది కాకుండా పోయే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు మిమ్మల్ని ఎవరూ మెచ్చుకోరు. మెచ్చుకుంటారని ఎవరైనా చెప్పి చేర్చుకుంటే, వాళ్లు మిమ్మల్ని మోసం చేసినట్టే.

ఆరు నెలల తర్వాత మళ్లీ ఆ వార్డుకు వెళ్లాను. ట్యూటరమ్మ నన్ను చూసి, "వచ్చినవా దొరసాని. చేతులు కడుక్కో," అంది, నేను నిన్ననే వెళ్లినట్టు. తక్కువ పడిన కాన్పు ఆ వారంలోనే చేశాను. సంతకమూ అయింది. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, అన్ని కాన్పుల్లాంటిదే.

చెప్పాల్సింది ఆ తర్వాత వచ్చిన సూదుల రోజు సంగతి. పసిపిల్లలకు టీకాలు వేయించడానికి తల్లులంతా వరండాలో బారులు తీరారు. ట్యూటరమ్మ బల్ల దగ్గర కూర్చుని సూదులు వేస్తోంది. నేను పిల్లల కాళ్లు పట్టుకుంటున్నాను. నా క్లాసుమేటు అప్పటికే డిగ్రీ ముగించి అదే దవాఖానలో చేరింది. వరసలో ఆనాటి కట్టరు భార్య, వెనక ఆమె అత్త. చంకలో ఆడపిల్ల, బొద్దుగా ఉంది. క్లాసుమేటు గుర్తుపట్టి దగ్గరకు పోయింది.

"మంచిగున్నవా? నీ కాన్పు నేనే చేసిన, యాదికుందా?"

ఆమె క్లాసుమేటు ముఖం పరీక్షగా చూసింది. "నువ్వు కాదు," అంది. అటూ ఇటూ వెతికి నన్ను చూసి, అత్త వైపు తిరిగి, "అత్తమ్మా, నేను చెప్పలేదా, గీ అక్కనే," అంది.

"ఆమె కూతకే డ్యూటీ దిగి పోయింది," అంది క్లాసుమేటు.

"పోయిందా?" ఆమె చంకలో పిల్లను సర్దుకుంది. "ఎట్ల పోతది? నేను ఊపిరి ఇడిసినప్పుడల్ల నా పక్కకే ఉండె."

ఆమె బిడ్డను నా చేతుల్లో పెట్టింది. ట్యూటరమ్మ సూది వేసింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. "ముచ్చట్లు తర్వాత పెట్టుకోండ్రి, వెనక వరస ఉంది, జరుగుండ్రి," అంది ట్యూటరమ్మ. వాళ్లు జరిగారు. అత్తాకోడళ్లు ఎండలో ఆవరణ దాటి గేటు దాకా వెళ్లడం చూస్తూ నిలబడ్డాను. బయట బొగ్గు లారీ పోతుంటే ఆమె కొంగు తీసి పిల్ల ముఖానికి కప్పింది.

నేను తల తిప్పేసరికి ట్యూటరమ్మ నన్నే చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. నేను గమనించానని అర్థం కాగానే చటుక్కున చూపు మళ్లించి, బల్ల మీది ఖాళీ మందు సీసా తీసుకుని, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అందులో ఇంకా మందు మిగిలి ఉన్నట్టు చాలాసేపు చూస్తూ కూర్చుంది.